మేట్ అయిన మామ

మా మనవరాలు ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తుంది. కోలారులో మా ఇంటి ముందు గదే దానికి ఆఫీసు. మార్కెట్టుకు వెళ్ళే టమోటా లారీల హారన్లు మొదలయ్యేసరికి దాని మాటలూ మొదలవుతాయి. మొన్న సముద్రాల అవతల ఉన్న ఎవరితోనో మాట్లాడుతూ "థాంక్స్ మేట్" అంది. వంటింట్లో ఉలవలు ఏరుతున్న నాకు చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ అదే మాట. దాని పని అయ్యేదాకా ఓపిక పట్టి, చాటతోనే ముందు గదిలోకి వెళ్ళాను.

"ఎవురే వాడు? మేట్ మేట్ అంటా ఉండావు. నీ పైనోడా?"

అది నవ్వింది. "కాదవ్వా. ఆ దేశంలో అందురూ అట్లే అనుకుంటారు. మేట్ అంటే ఫ్రెండు. మనతో సమానంగా ఉండేవాడు."

"సమానంగానా?"

"ఆఁ. దానికెందుకంత కోపం?"

కోపమే. దాచుకునే వయసు దాటిపోయింది నాకు. ఆ మాట ఇంక ఈ ఇంట్లో వినపడకూడదని చెప్పి ఉలవల చాట ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. "అవ్వకేమో అయిందమ్మా" అని అది వాళ్ళమ్మతో అనడం వినిపించింది. కొత్తగా ఏమీ కాలేదు. అయిందేదో నా చిన్నతనంలోనే, బంగారు గనుల ఊళ్ళో అయింది.

మేం కేజీఎఫ్ కూలిలైన్లలో పెరిగిన పిల్లలం. ఒక గది, ఒక వసారా, లైనంతటికీ ఒక కొళాయి. నాయన చిత్తూరు వైపు పల్లె నుంచి, వానలు లేక, ఉన్న కాస్త భూమి అమ్ముకుని గనిలోకి వచ్చినవాడు. మాకు ఎడమపక్క ఇంట్లో తమిళం, కుడిపక్క ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడం. వీటన్నిటి మీద ఇంగ్లీషు. బంగళాల నుంచి పాత కోట్లు ఎలా దిగివచ్చేవో ఇంగ్లీషు మాటలూ మా లైన్లకు అలాగే దిగివచ్చేవి. కొందరికి పొట్టి, కొందరికి పొడుగు, ఎవరికీ సరిపోయేవి కావు. అయినా వేసుకు తిరిగేవాళ్ళం.

బడిలో మా టీచరమ్మ గౌను వేసుకుని వచ్చేది. ఆమె దగ్గర కేకుల వాసన వస్తుందని నేను ముందు వరసలో కూర్చునేదాన్ని. ఒకరోజు 'ఫెలో' అంటే తోడుగా ఉండేవాడు, సాటివాడు అని చెప్పింది. ఇంటికి వెళ్ళి నాయనకు గొప్పగా చెప్పాను. నాయన కాళ్ళు కడుక్కుంటూ, చెంబు పక్కన పెట్టి పడీ పడీ నవ్వాడు.

"పొద్దున లేస్తే దొర నన్ను 'డామ్ ఫెలో' అంటాడు. అట్లయితే ఆయప్ప నా సావాసగాడు అన్నమాట. రేపు బుజం మీద చెయ్యేసి అడిగి చూస్తా ఉండు."

తెల్లవాళ్ళు వెళ్ళిపోయి చాలా కాలమైనా పైనున్నవాళ్ళందరినీ మేం దొరలనే అనేవాళ్ళం. టీచరమ్మ పుస్తకంలో మాట ఒకటి, గనిలో మాట ఒకటి అని నాకు ఆరోజే అర్థమైంది. కానీ అప్పటికి అది నవ్వుకునే సంగతిగానే ఉండేది.

మాకు నిజంగా దగ్గరైన ఇంగ్లీషు మాట 'పార్ట్‌నర్' ఒక్కటే. రాయికి రంధ్రం చేసే మెషీను ఒక్కడి చేతిలో నిలవదు. ఇద్దరు పట్టాలి. ఆ ఇద్దరూ పార్ట్‌నర్లు. నాయనకు పార్ట్‌నర్ మా వెనక లైనులో ఉండే మామ. చుట్టం కాదు, మా కులమూ కాదు. నాయనా ఆయనా ఒకరినొకరు 'బావా' అనుకునేవాళ్ళు. అమ్మ ఆయన్ని 'అన్నా' అనేది. కాబట్టి మాకు మామ, ఆయన భార్య అత్త. ఇప్పుడు రాయడానికి ఇంకో మాట దొరక్క మామ అంటున్నాను గానీ, ఆ మాట నా నోటితో పలికి ఎన్నో ఏళ్ళైంది.

పార్ట్‌నర్ల ఇళ్ళకు మా లైన్లలో ఒక పద్ధతి ఉండేది. ఇద్దరికీ అన్నం ఒకే ఇంటినుంచి వెళ్ళాలి. ఒక వారం మా ఇంట్లో వండితే మరుసటి వారం వాళ్ళింట్లో. పెద్ద డబ్బా, అందులో ఇద్దరికీ సంకటి ముద్దలు, పైన గిన్నెలో చారో పప్పో. ఒకే వంట తిన్నవాళ్ళు కింద చీకట్లో ఒకరి చెయ్యి ఒకరు వదలరని ముసలమ్మలు చెప్పేవాళ్ళు. ఎవరింట్లో ఎంత ఇబ్బంది ఉన్నా ఆ డబ్బా మాత్రం తక్కువ చేసేవాళ్ళు కాదు. మా వారం వచ్చిందంటే అమ్మ మాకు పలచగా గంజి పోసైనా మామ ముద్ద పెద్దదిగా చేసేది. కింద రాయి పగిలినప్పుడు లైన్లలో గిన్నెలన్నీ గలగలమని కదిలేవి. అప్పుడు అమ్మా అత్తా చేతులు పట్టుకుని గని నోటి దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. ఇద్దరిలో ఎవరు పైకి వచ్చినా రెండోవాడు వెనకే ఉంటాడని వాళ్ళ ధైర్యం.

చలికాలం వస్తే పల్లెల నుంచి అనపకాయలు బస్తాలు బస్తాలు దిగేవి. రాత్రి గింజలు నానబెట్టి పొద్దున రెండిళ్ళ ఆడవాళ్ళూ మా వసారాలో కూర్చుని తోలు తీసేవాళ్ళు. వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడేది. అదే పితికిపప్పు. వసారా అంతా పచ్చి వాసన. నైట్ షిఫ్టు దిగి మామ అక్కడే గోడ వారగా దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. మేం పిల్లలం గింజను గురిచూసి నొక్కి ఆయన బట్టతల మీదికి కొట్టేవాళ్ళం. ఆయన నిద్రపోయినట్టే ఉండి, ఒక్కసారిగా లేచి మా కాళ్ళు పట్టి లాగేవాడు. దుప్పట్లోంచి గనిలో పేల్చే మందు వాసన గుప్పుమనేది. మట్టి దిబ్బల మీద రేకుముక్క వేసుకుని జారడం నాకు నేర్పింది ఆయనే. నా గౌను వెనక చినిగితే అమ్మ చేతిలో దెబ్బలు నా బదులు ఆయనే తిన్నాడు.

మొదటినుంచీ చెడ్డవాడై ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

ఆ చలికాలంలోనే మామను మేట్ చేశారు. మా గనిలో మేట్ అంటే స్నేహితుడు కాదు. పదిమంది మీద పెత్తనం చేసేవాడు. మెషీను పట్టడు, బండి తొయ్యడు. చేతిలో కర్ర, నోట్లో ఆర్డరు. ఎవడు పని చేశాడో ఎవడు చెయ్యలేదో పైవాళ్ళకు చెప్పేది ఆయనే. లైన్లో అందరూ వెళ్ళి పలకరించి వచ్చారు. నాయన అయితే పండగలాగా గంతులేశాడు. "మా బావ మేట్ అయినాడు, ఇంగ మాకేం భయం" అని కొళాయి దగ్గర అడగనివాళ్ళకు కూడా చెప్పుకున్నాడు.

మరునాడు మా వారం మొదలు. అమ్మ తెల్లవారకముందే లేచి పితికిపప్పు పులుసు పెట్టింది. రెండు ముద్దలూ డబ్బాలో పెడుతుంటే నాయన కాస్త తటపటాయించాడు.

"ఒకటే పెడతావేమో చూడు. ఆయన యాడ కూర్చుంటాడో ఏమో."

"మేట్ అయితే కడుపు మారిపోతాదా? తీసకపో గమ్మున."

సాయంత్రం నాయన వచ్చి డబ్బా కింద పెట్టాడు. ఒక ముద్ద అలాగే ఉంది. అమ్మ అడగ్గా అడగ్గా చెప్పాడు.

"ఎప్పట్లా అందురూ కూర్చున్నాము. ఆయన ముద్ద తీసి ఆయన ముందర పెట్టినాను. కాలితో జరిపినాడు."

"కాలితోనా?"

"చేతిలో కర్ర ఉండె గదా. 'ఇంగ నాకు వేరే వస్తాది, మీ కూడు మీరు తినండి' అన్నాడు. అందురూ చూసినారు."

అమ్మ డబ్బా తీసుకుని వెనక లైనుకు బయలుదేరింది. నేను వెనకే పరుగెత్తాను. అత్త వాకిట్లోనే ఎదురైంది. అమ్మ మొహం చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయినట్టుంది.

"ఏం చేసేది వదినా? మేట్లు కూలోళ్ళ జతలో కూర్చొని తింటే మాట చెల్లదంట. నాకూ బేజారుగానే ఉండాది."

"పైనోళ్ళు చెప్పినారా, అన్నే అనుకున్నాడా?"

లోపల మామ ఉన్నాడు. దగ్గు వినిపించింది, మనిషి మాత్రం బయటికి రాలేదు. అమ్మ వాళ్ళ గడప ముందరే చతికిలబడి కూర్చుంది. డబ్బా తెరిచి, చల్లారి గట్టిపడిన ఆ ముద్దను విరిచి, పులుసులో అద్దుకుని, మొత్తం తనే తింది. లైనులో ఆడవాళ్ళందరూ తలుపుల్లో నిలబడి చూశారు. గొంతుకు అడ్డం పడితే అత్త నీళ్ళు తెచ్చింది. అమ్మ ఆ చెంబు ముట్టలేదు. తిని లేచి, "మా కూడు మాకేం బరువు కాదు వదినా" అని చెప్పి నా చెయ్యి పట్టుకుని వచ్చేసింది. ఆరోజునుంచి రెండిళ్ళకూ మాటల్లేవు.

అంతటితో ఆగినా బాగుండేది. కొత్త మేట్ కదా, తన గుంపు పని ఎక్కువ చేస్తుందని పైవాళ్ళకు చూపించాలి. రాయిలో మందు పేల్చాక పొగ పూర్తిగా పోయేదాకా లోపలికి వెళ్ళకూడదు. ఆ పొగ లోపలికి పీలిస్తే మనిషి అక్కడే కూలిపోతాడు. ఇది నాకంటే చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి, మా లైన్లలో. ఒకరోజు మామ పొగ ఉండగానే పొమ్మన్నాడు.

"పొగ ఇంగా ఉండాది బావా" అన్నాడు నాయన.

"బావ ఎవుడురా నీకు? సార్ అను."

"ఎవురైనా పొగ పొగే గదా."

అంతే. 'ఈ ఫెలో పని చెయ్యనంటాడు' అని మామ పైకి చెప్పేశాడు. నాయనను పని నుంచి ఆపేసి ఇంటికి పంపారు. విచారణ అయ్యేదాకా గని గేటు దాటకూడదు. అక్కడ ఉన్నది ముగ్గురే. నాయన, మామ, నాయనకు కొత్తగా ఇచ్చిన పార్ట్‌నర్. అతను ఈమధ్యే పెళ్ళైన తమిళ కుర్రాడు. అడిగినవాళ్ళతో "పొగ కళ్ళల్లో పడి నాకేమీ కనపడలేదు" అన్నాడట. అయితే పొగ ఉన్నట్టే కదా అని ఎవరికీ తోచలేదు. నాయన మాత్రం ఆ మాట చెప్పుకుని చెప్పుకుని నవ్వేవాడు. అది నవ్వు కాదని నాకు తెలిసేది.

పని పోతే లైను ఇల్లు పోతుంది. పల్లెలో మాకు ఇంకేమీ మిగల్లేదు. క్యాసంబళ్ళి దగ్గర చిన్నాన్న ఉన్నాడు. ఆయన ఇంటి వెనక పశువుల కొట్టం ఖాళీగా ఉంది, వచ్చి ఉండమని కబురు పంపాడు. పట్టుపురుగులకు ఆకు కోసే పని నాకూ దొరుకుతుందని, అది మేలు చేసినట్టుగా చెప్పి పంపాడు. బడి సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను నా పుస్తకాలు దుప్పటి కింద పెట్టుకుని పడుకునేదాన్ని, ఎవరో వచ్చి లాక్కుంటారన్నట్టు.

యూనియన్ నుంచి ఎర్ర తువాలు వేసుకున్న ఒకాయన వచ్చాడు. మే డే నాడు నాయన భుజాల మీద చేతులేసి 'కామ్రేడ్, మన రక్తం ఒకటే' అన్నవాడు ఈయనే. మా వసారాలో కూర్చుని టీ తాగి, మీసం తుడుచుకుని చెప్పాడు.

"కామ్రేడ్, ఆయనా మన మెంబరే, నువ్వూ మెంబరే. కామ్రేడ్‌కీ కామ్రేడ్‌కీ నడుమ మేము దూరితే బాగుండదప్పా."

"టీ తాగేదానికి మాత్రం దూరినావు గదప్పా" అంది అమ్మ గుమ్మంలోంచి. ఆయన గ్లాసు కింద పెట్టి మళ్ళీ మా లైనుకు రాలేదు.

చివరికి అత్త వచ్చింది. మాటల్లేవు కాబట్టి లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి, గోడకు చెప్పినట్టు చెప్పింది. నాయన షిఫ్టు మారే వేళకు గని ముందర అందరూ వినేటట్టు 'తప్పయింది సార్' అని ఒక్క మాట అంటే చాలట. మామ వెళ్ళి తానే పొరపాటు పడ్డానని చెప్పి పని ఇప్పిస్తాడట.

"చెప్పను" అన్నాడు నాయన.

"చెప్పకపోతే?" అంది అమ్మ.

"పొగలోకి పోకపొయ్యేది తప్పా? నువ్వే చెప్పు."

"తప్పు కాదు. నువ్వు చేసిందే సరి. నువ్వు సరిగ్గా ఉంటావు, ఈ బిడ్డ పేడ ఎత్తతాది. అంతేనా?"

నాయన నా వైపు చూశాడు. నాకు అమ్మ మీద ఒళ్ళు మండిపోయింది. నాకు బడి వద్దు, కొట్టంలోనే ఉందాం, చెప్పొద్దు నాయనా అని అరిచాను. మనసులో మాటే అన్నాను. కానీ ఆ అరుపే నాయన మనసు మార్చేసిందని తరవాత అమ్మ చెప్పింది. అంత చిన్నపిల్ల నోట అంత మాట వచ్చాక ఇంక ఆయన ఆగలేకపోయాడట.

మరునాడు సంగు, అంటే గని సైరన్, మోగే వేళకు నాయన ఉతికిన చొక్కా వేసుకుని బయలుదేరాడు. అమ్మ నన్ను రావద్దంది. నేను వినలేదు. గని ముందర పైకి వచ్చిన షిఫ్టూ కిందికి వెళ్ళే షిఫ్టూ కలిసి గుంపుగా ఉన్నారు. మామ కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాయన ఎదురుగా వెళ్ళి, భుజం మీది తువాలు తీసి చేతిలో పట్టుకుని, "తప్పయింది సార్" అన్నాడు. వినపడలేదేమోనని అనుకున్నాడో ఏమో, ఇంకోసారి గట్టిగా అన్నాడు. ఎక్కడో ఎవడో నవ్వాడు.

మామ మొహం వెలిగింది. నేను చూశాను. అంతలోనే మంచివాడైపోయి, నాయన భుజం మీద చెయ్యేసి, "సరే సరే, పోనీలే. మనసులో ఏమీ పెట్టుకోవద్దు బావా" అన్నాడు.

నాయన ఆ చెయ్యి మెల్లగా తీసి పక్కకు పెట్టాడు. "ఏమీ లేదు సార్" అన్నాడు.

పని దొరికింది, ఇల్లు నిలబడింది, నా బడి సాగింది. మెషీను మాత్రం మళ్ళీ ఇవ్వలేదు, బండ్లు తోసే పనిలో వేశారు. ఆరోజునుంచి నాయన మామను సార్ అనే పిలిచాడు. గనిలో అంటే సరే, అంగడిలో సార్, కొళాయి దగ్గర సార్, పెళ్ళిపందిట్లో పదిమంది ముందర లేచి నిలబడి సార్. మొదట్లో మామకు బాగానే ఉండింది. తరవాత తరవాత, మా నాయన ఎదురైతే ఆయనే సందు మార్చుకునేవాడు. నేను ఆయన్ని ఏమనీ పిలవడం మానేశాను.

చాలా ఏళ్ళకు గని మూతపడింది. లైన్లు సగం ఖాళీ అయ్యాయి. పిల్లలందరూ రైలెక్కి బెంగళూరు పనులకు పోయారు. నన్ను అంతకు చాలా ముందే కోలారులో ఇచ్చారు. అమ్మా అత్తా ఒకరి తరవాత ఒకరు పోయారు, చివరిదాకా మాట్లాడుకోలేదు. మిగిలింది ఈ ఇద్దరు ముసలివాళ్ళు. ఇద్దరి ఊపిరితిత్తుల నిండా అదే రాతి దుమ్ము, ఇద్దరిదీ అదే దగ్గు. గోడ అవతల ఎవరు దగ్గుతున్నారో చెప్పడం కష్టంగా ఉండేది. నేను నాయనను చూడటానికి వెళ్ళినప్పుడల్లా మామ మా వసారాలో ఉండేవాడు. కర్ర పోయి చేతికర్ర వచ్చింది. ఆయన కనపడగానే నాయన ఉన్న ఒక్క కుర్చీలోంచి లేచి, దాన్ని తువాలుతో తుడిచి, "కూర్చోండి సార్" అనేవాడు. తను చల్లటి బండ మీద కూర్చునేవాడు. నేల మీద కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు కదా నాయనా అంటే, "సార్ ముందర కుర్చీలోనా?" అని గట్టిగా అనేవాడు.

"ఇంగ మేట్ యాడ ఉండాడు, మైన్ యాడ ఉండాదప్పా?" అని మామ బతిమాలేవాడు. "ఒరే అను. బావా అను. లేదంటే తిట్టు. ఒక్కసారి తిట్టప్పా."

"ఎట్ల తిడతాను సార్? పెద్దోళ్ళు మీరు."

లైన్లో అందరూ నాయనదే తప్పన్నారు. అంత పగ ఏమిటి, ముసలివాణ్ణి అంత ఏడిపించాలా అన్నారు. వాళ్ళెవరూ ఆరోజు గని ముందర తువాలు చేతిలో పట్టుకుని నిలబడలేదు. నేను నాయనకు ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు.

నాయన పోయేరోజు నేను పక్కనే ఉన్నాను. ఊపిరి అందక రెండు రోజులుగా మాట లేదు. మామ మంచం పట్టె మీద తల ఆనించి, నాయన చెయ్యి పట్టుకుని, "బావా, బావా" అని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. నాయన కళ్ళు తెరిచాడు. పెదవులు కదిలాయి. మామ గబగబా చెవి దగ్గర పెట్టాడు. నేనూ వంగాను.

"సార్‌కు కాఫీ ఇచ్చినావామ్మా?" అన్నాడు నాయన.

అదే ఆఖరి మాట. అంతా అయ్యాక, శవాన్ని ఎత్తేలోగా, వచ్చినవాళ్ళందరికీ కాఫీ కాచాను. మామకూ తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నా మొహంలోకి చూశాడు.

"వాడు పోయినాడు. నువ్వన్నా నన్ను మామా అనమ్మా" అన్నాడు.

"తాగండి సార్. చల్లారిపోతాది" అన్నాను.